కల్లు దుకాణం మూసిన మూడో రోజు

కల్తీ కల్లు దుకాణాల మీద దాడులు జరిగాయని పేపర్లో చదివినప్పుడల్లా వార్డులో రెండు మంచాలు ఖాళీగా ఉంచమని సిస్టర్‌కు చెబుతాను. నిజామాబాద్ వైపు వైద్యం చేసేవాళ్లకు ఇది అలవాటే. దుకాణం మూసిన రోజు ఎవరూ రారు. రెండో రోజు చేతులు వణుకుతున్నాయని, నిద్ర పట్టడం లేదని వస్తారు. మూడో రోజు ఫిట్స్ వచ్చినవాళ్లను ఆటోల్లో వేసుకొస్తారు.

అలా వచ్చినవాళ్లలో ఒక బీడీ కార్మికురాలిని మరిచిపోలేను. యాభై ఏళ్లుంటాయి. నాలుక కొరుక్కోవడంతో నోట్లోంచి నెత్తురు కారుతోంది. కళ్లు తెరిచే ఉన్నా కన్నకొడుకును గుర్తుపట్టడం లేదు. ఒళ్లో చాట లేదు, చేతిలో ఆకు లేదు, అయినా వేళ్లు బీడీలు చుడుతూనే ఉన్నాయి.

"కల్లు ఎప్పుడు తాగింది?" అని అడిగాను.

"మూడొద్దులాయె సారూ. దుకాణం బందువెట్టిన్రు" అన్నాడు కొడుకు. ఏళ్ల తరబడి రోజూ పొద్దూకంగ రెండు సీసాలు తాగేదట.

చెట్టు మీంచి దించిన ఈతకల్లు రెండు సీసాలు మానేస్తే మనిషికి ఇంత ఆపద రాదు. పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి పులిసే ఆ కల్లులో ఆల్కహాల్ నాలుగైదు శాతమే. చెట్లు తక్కువై, తాగేవాళ్లు ఎక్కువైన చోట నీళ్లు కలుపుతారు, తీపికి శాకరిన్ వేస్తారు, మత్తుకు ఆల్ప్రాజోలం, జనం డైజోఫాం అనే డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఈ మత్తుమందులన్నీ మెదడును మందగింపజేసేవి. రోజూ పడేసరికి మెదడు వాటికి అలవాటుపడుతుంది. ఒక్కసారిగా ఆగితే అదుపు తప్పుతుంది. వణుకు, ఫిట్స్, లేనివి కనబడటం, మతి తప్పడం అందుకే.

ఫిట్స్ ఆగడానికి ఆమెకు డయాజిపాం ఇంజెక్షనే ఇచ్చాం. "కల్లుల గలిపే మందే మీరూ ఇస్తున్నరా సారూ?" అన్నాడు కొడుకు బెదిరిపోయి. దుకాణంలో ఎంత పడిందో కలిపినవాడికీ తెలియదని, ఇక్కడ మిల్లీగ్రాముల లెక్క ఉంటుందని, దాన్ని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ పోతామని చెప్పాను. కొన్ని వారాలకు ఆమె మందు లేకుండా నిద్రపోగలిగింది.

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద ఒక్కసారిగా కట్టడి పెట్టినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల ఆసుపత్రులు, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఇలాంటివాళ్లతో నిండిపోయాయి. కట్టడే వద్దని కొందరన్నారు. నేను ఒప్పుకోను. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్లు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరారు. కొందరికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయాల్సి వచ్చింది, పలువురు చనిపోయారు. చూసీచూడనట్టు వదిలేస్తే జరిగేది అదే.

తప్పు కట్టడిలో లేదు, దాన్ని పండగలా ఏడాదికోసారి చేయడంలో ఉంది. నాలుగు రోజులు దాడులు, ఆపై పాత కథే. నిఘా ఏడాది పొడవునా ఉండాలి. దానికి ప్రతిసారీ ల్యాబ్ రిపోర్టు కోసం కూర్చోనక్కర్లేదు. ఒక్కో దుకాణానికి కల్లు వచ్చే చెట్లెన్ని, అమ్ముడయ్యే సీసాలెన్ని అని ఎక్సైజు సిబ్బంది లెక్క చూస్తే మోసం అక్కడే బయటపడుతుంది. ఆల్ప్రాజోలం పొడి ఈతచెట్టుకు కాయదు, ఏదో రసాయన కార్ఖానాలో తయారై వస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద శిక్షపడే సరుకు అది. గీసేవాడిని పట్టుకుని పొడి పంపినవాడిని వదిలేస్తే పనికాదు.

రెండో సంగతి, దుకాణాలు మూయించబోతున్నారని డాక్టర్లకు ముందే కబురు ఉండాలి. 2006 ఆహార భద్రతా చట్టంలోని 35వ సెక్షన్, విషాహారం కేసులు తమ దృష్టికి వస్తే నిర్ణీత అధికారికి తెలపాలని ఒక ప్రాంతంలోని వైద్యులను నోటిఫికేషన్ ద్వారా ఆదేశించే వీలు కల్పించింది. అలాగే అధికారుల నుంచి డాక్టర్లకూ కబురు నడవాలి. దుకాణం మూసే రోజుకే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డయాజిపాం నిల్వ ఉండాలి. వణుకు మొదలైనవాళ్లను వెంటనే పంపమని ఆశా కార్యకర్తలకు చెప్పి ఉంచాలి. ఇంటివాళ్లు కూడా సిగ్గుపడి దాచకుండా, కల్లు ఎప్పుడు ఆగిందో మొదటి మాటగా చెప్పాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. మూడో రోజు ఫిట్స్‌తో వచ్చే మనిషికి మొదటి రోజే వైద్యం అందించవచ్చు.