పిల్లల పెంపకానికి ఏ దేశం మేలు?

మన కాలనీలో ఏ నలుగురు కలిసినా విదేశాలలో స్థిరపడిన పిల్లల ప్రస్తావన రాక మానదు. జీతమెంత, ఇల్లెంత, కారు ఏది అన్న ప్రశ్నలతోనే ఆ సంభాషణ సాధారణంగా ముగుస్తుంది. యంత్రం కొనేటప్పుడు ధరతోపాటు నిర్వహణ వ్యయాన్నీ, అది ఆగిపోయే గంటలనూ లెక్కకట్టే మనం, సంసారం పెట్టబోయే దేశాన్ని మాత్రం ఒక్క జీతంతోనే తూచడం విచిత్రం. ఉద్యోగరీత్యా కొంత, బంధువుల ఆహ్వానం మీద కొంత, నెదర్లాండ్స్, జపాన్, అమెరికా దేశాలను చూసే అవకాశం నాకు లభించింది. చంటిబిడ్డలున్న దంపతులకు ఆ దేశాలలో జీవితం ఎలా సాగుతుందో పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ ప్రయత్నం.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరం సాంకేతిక విశ్వవిద్యాలయానికీ, నీలిరంగు పింగాణీకీ ప్రసిద్ధం. నన్ను ఆకట్టుకున్నవి మాత్రం అక్కడి నివాస వీధులు. ఇటుకలు పరచిన ఆ వీధులలో కాలిబాట వేరుగా ఉండదు. దారి తిన్నగా సాగదు. ఒకచోట చెట్టు, మరొకచోట పూలతొట్టి, ఇంకొకచోట కూర్చునే బల్ల అడ్డు వస్తాయి. కారులో వచ్చినవారు నడక వేగంతో, ఆడుకునే పిల్లలను తప్పించుకుంటూ పోవలసిందే. ఇటువంటి వీధిని అక్కడ ‘వూనెర్ఫ్’ అంటారు. మన మాటలో ‘వాకిలి’ అనుకోవచ్చు. 1976లో వీటికి చట్టబద్ధమైన గుర్తింపు కలిగింది.

ఇదంతా ఆ దేశానికి అనాదిగా ఉన్న సంపద అనుకుంటే పొరపాటు. 1971లో అక్కడి రోడ్డు ప్రమాదాలలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు మరణించారు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్న నినాదంతో తల్లిదండ్రులు వీధులలో బైఠాయించారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి, కొన్ని ఆదివారాలు కార్లు నడపడమే నిషేధించవలసి వచ్చింది. ఆ తరువాతి దశాబ్దాలలో సైకిళ్ళకు వేరు దారులు, వాహనాల వేగాన్ని తగ్గించే ఎత్తైన కూడళ్ళు వరుసగా నిర్మాణమయ్యాయి. ప్రాథమిక పాఠశాల చివరి తరగతులలో పిల్లలకు సైకిలుపై రహదారి పరీక్ష కూడా జరుగుతుంది. పదకొండేళ్ళ పిల్ల జడివానలో తనంతట తాను బడికి పోతూ ఉంటే, తల్లిదండ్రులకు రోజుకు గంటో, గంటన్నరో మిగిలినట్లే. ఆ గంటలు ఏ జీతపు చీటీలోనూ కనిపించవు.

అక్కడి పురుటి ఏర్పాటు మన ఆడవారికి ఆసక్తి కలిగించవచ్చు. కాన్పు అయిన తరువాత సుమారు ఎనిమిది రోజులపాటు శిక్షణ పొందిన సహాయకురాలు ఇంటికే వచ్చి తల్లీబిడ్డలను కనిపెట్టుకొని ఉంటుంది. నీళ్ళు పోయడం, పాలు పట్టడం నేర్పుతుంది. ఇంటిపని కూడా కొంత చక్కబెడుతుంది. ఖర్చులో అధికభాగం ఆరోగ్య బీమా భరిస్తుంది. చూడవచ్చినవారికి చక్కెర పూత పూసిన సోంపు గింజలను రస్కుల మీద చల్లి ఇస్తారు! పనిగంటలు తగ్గించుకోవడానికి ఉద్యోగి దరఖాస్తు చేసుకునే హక్కు 2000 నుండి ఉన్నందున, వారంలో ఒక పనిదినం బిడ్డతో గడిపే తండ్రులు అక్కడ అరుదు కాదు. అయితే ఇళ్ళ కొరత తీవ్రం, శిశు సంరక్షణ కేంద్రాల రుసుము భారమే. పన్నెండేళ్ళకే, ప్రధానంగా ఉపాధ్యాయుల సలహాను బట్టి, పిల్లవాడు విశ్వవిద్యాలయపు దారిన పోవాలా, వృత్తివిద్య దారిన పోవాలా అన్నది చాలావరకు నిర్ణయమవుతుంది. మన తల్లిదండ్రులకు ఇది మింగుడుపడే విషయం కాదు.

జపాన్‌లోనూ చిన్నపిల్లలు గుంపుగా నడచి బడికి వెళతారు. తరగతి గదిని తామే తుడుస్తారు. మధ్యాహ్న భోజనాన్ని తామే వడ్డిస్తారు. ఆ క్రమశిక్షణ ముచ్చట గొలుపుతుంది. కాని యూనిసెఫ్ 2020లో 38 సంపన్న దేశాల పిల్లల స్థితిగతులను పోల్చినప్పుడు జపాన్ శారీరక ఆరోగ్యంలో ప్రథమ స్థానంలోనూ, మానసిక క్షేమంలో 37వ స్థానంలోనూ నిలిచింది. మొత్తం మీద నెదర్లాండ్స్ మొదటిది, అమెరికా 36వది.

అమెరికాలో బిడ్డ పుట్టినప్పుడు సెలవుకు ఉన్న దేశవ్యాప్త చట్టం 1993 నాటిది. యాభైమందికి తక్కువ కాని సంస్థలలో పన్నెండు వారాలు, అదీ జీతం లేకుండా! కొన్ని రాష్ట్రాలు, కొన్ని కంపెనీలు తమంతట తాము జీతంతో సెలవు ఇస్తున్నాయి. ప్రభుత్వ పాఠశాలలో రుసుము లేదు గాని, చాలాచోట్ల బడి నాణ్యత ఆ ప్రాంతపు ఆస్తి పన్నును అంటిపెట్టుకొని ఉంటుంది. మంచి బడి ఉన్నచోట ఇంటి ధరలోనే ఆ రుసుము ఇమిడి ఉందన్నమాట. శివారు కాలనీలలో పిల్లవాడు ఈతకు పోవాలన్నా, స్నేహితుని ఇంటికి పోవాలన్నా తల్లో తండ్రో కారు తీయవలసిందే.

అయినా ఈ లెక్క అందరికీ వర్తించదు. మా విభాగంలోని ఒక సహోద్యోగి మనవడికి వినికిడి లోపం ఉంది. యంత్రం సాయంతో తెలుగు, ఇంగ్లీషు మాటలు అప్పుడప్పుడే పలుకుతున్న సమయంలో, ఆ పిల్లవాని తల్లికి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లోనూ, అమెరికాలోనూ ఉద్యోగాలు చేతికందాయి. నా అభిప్రాయం అడిగినప్పుడు నేను ఐండ్‌హోవెన్ వైపే మొగ్గాను. పిల్లవానిపై డచ్చి అనే మూడో భాష మోపడానికి వారికి మనసొప్పలేదు. పైగా, వైకల్యం ఉన్న పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలో తగిన విద్య అందించి తీరాలన్న చట్టం అమెరికాలో 1975లోనే వచ్చింది. వారు అమెరికాకే వెళ్ళారు. మరొక సంగతి కూడా వారి లెక్కలో చేరింది. నెదర్లాండ్స్‌కు వెళ్ళే అమ్మమ్మకు సందర్శక వీసాపై ప్రతి 180 రోజులలో 90 రోజులే గడువు. అమెరికాలో సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. మా సహోద్యోగి భార్య ఇప్పటికి రెండుసార్లు వెళ్ళివచ్చారు.