ఈల జేబులో ఉంచండి!

స్కౌట్ అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది ఆగస్టు పదిహేను. మెడలో స్కార్ఫు, నెత్తిన టోపీ, జెండా కర్ర పక్కన బిగుసుకుని నిలబడ్డ పదిమంది పిల్లలు. పెద్దమనుషులు వచ్చారు, చప్పట్లు పడ్డాయి, ఫొటో దిగారు, లడ్డూ తిన్నారు. మళ్లీ జనవరి ఇరవై ఆరు దాకా స్కార్ఫులు బీరువాలోకి పోతాయి. బీరువా తాళంచెవి డ్రిల్లు మాస్టారి దగ్గర ఉంటుంది. ఇదే స్కౌటింగ్ అయితే దాని మీద ఇంత పొడుగు వ్యాసం అక్కర లేదు. బడికి ఒక ఇస్త్రీ పెట్టె కొనిస్తే సరిపోతుంది!

ఈ సావనీరులో ఈ ముచ్చట ఎందుకంటారేమో. మన కాలేజీ మెట్లు దిగి వెళ్లినవాళ్లలో ఎంతోమంది బడి పంతుళ్లయ్యారు. ఇప్పుడు చదువుతున్న మీలోనూ చాలామంది అవుతారు. కొత్తగా చేరిన టీచరును చూడగానే హెడ్మాస్టరుగారికి తోచే మొదటి ఆలోచన ఒకటే: "మీరు వయసులో ఉన్నారు, స్కౌట్ పని మీరు చూసుకోండి." నాకూ ఈ పని అట్లాగే అంటుకుంది. అంటుకుని పన్నెండేళ్లయింది, ఇంకా వదల్లేదు. అదనపు జీతం లేదు. ఆదివారాలు పోతాయి. అయినా ఎందుకు చేస్తున్నావని ఇంట్లోవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లకు చెప్పే జవాబే మీకూ చెబుతాను.

ముందు కాస్త చరిత్ర. 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో బేడెన్ పావెల్ అనే సైనికాధికారి ఇరవై మంది దాకా పిల్లలతో ఒక శిబిరం నడిపాడు. వాళ్లలో పెద్ద పెద్ద బళ్లలో చదివే ధనవంతుల పిల్లలున్నారు, కూలినాలి చేసుకునేవాళ్ల పిల్లలూ ఉన్నారు. అందరినీ కలిపి నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టుకు వాళ్లలోనే ఒకణ్ణి నాయకుడిగా పెట్టాడు. మొదట్లో మన దేశంలో ఈ ఉద్యమం దొరల పిల్లలకే పరిమితమైతే, అనీబిసెంట్, మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ వంటివారు పూనుకుని భారతీయ బాలలకు వేరే సంఘాలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 7న ఇవన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. మరుసటి సంవత్సరం ఆడపిల్లల గైడ్ సంఘం కూడా అందులో కలిసింది. చరిత్ర ఇంతటితో చాలు. అందులో మనం పట్టుకోవలసింది ఒక్కటే, పిల్లల జట్టుకు పిల్లవాడే నాయకుడు అన్న సంగతి.

దీన్నే పెట్రోల్ పద్ధతి అంటారు. మోటారు సైకిల్లో పోసే పెట్రోలు కాదు సుమా! ఆరుగురో, ఎనిమిది మందో పిల్లల జట్టు. దానికొక లీడరు, ఒక సహాయకుడు. ఇటువంటి మూడు నాలుగు జట్లు కలిస్తే ట్రూపు. జట్ల లీడర్లంతా కూర్చుని ట్రూపు ఏం చెయ్యాలో తేలుస్తారు. ఆ సభలో స్కౌట్ మాస్టరు సలహా చెప్పేవాడే గాని హుకుం జారీ చేసేవాడు కాదు. పుస్తకంలో ఇది రెండు పేజీలుంటుంది. ఆచరణలో మాత్రం మన పెద్దవాళ్లకు ఇంతకన్నా కష్టమైన పని లేదు. ఎందుకంటే మనకు ఈల ఊదడం ఇష్టం. ఒక శిబిరంలో ఒక మాస్టారిని చూశాను. పొద్దున అయిదు గంటలకు మొదలుపెట్టి రాత్రి పది దాకా ఈల నోట్లోంచి తియ్యలేదు. పిల్లలు లేవడానికీ, పళ్లు తోమడానికీ, ప్లేటు కడగడానికీ ఈలే. మూడు రోజుల్లో పిల్లలు నేర్చుకున్న విద్య ఒక్కటే, ఈల వినబడకపోతే కదలకుండా కూర్చోవడం!

అందుచేత కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్లకు నా మొదటి మాట: ఈల జేబులో ఉంచండి. పని జట్టుకు అప్పగించి పక్కకు జరగండి. అన్నం మాడుతుంది, మాడనివ్వండి. గుడారం ఒక పక్కకు వాలుతుంది. వాలినా ప్రాణాలేం పోవు, రాత్రి మంచు మొహం మీద పడితే పొద్దున వాళ్లే సరిచేసుకుంటారు. మనం పరుగెత్తుకెళ్లి తాడు లాగి కట్టామో, ఆ గుడారం మనది అవుతుంది. ఇక తరువాత ప్రతిసారీ మనమే కట్టాలి.

ఈ నీతిని ఇంగ్లండు నుంచి దిగుమతి చేసుకోవలసిన పని కూడా లేదు, మన ఆదిలాబాద్‌లోనే ఉంది. ఏటా పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశంవారు గోదావరి జలం కోసం కాలినడకన వెళ్లి రావడం మీకు తెలిసిందే. రోజుల తరబడి నడక. అక్కడ మైకు పట్టుకుని అరిచేవాళ్లెవరూ ఉండరు. ఎవరి పని ఎవరిదో తరతరాల ఆచారం పంచిపెట్టింది. ఇంకో సంగతి. 1943లో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ దంపతుల చొరవతో గోండు బడి పంతుళ్ల శిక్షణ కేంద్రం మొదలైంది. బయటి నుంచి పంతుళ్లను తెచ్చి కూర్చోబెట్టకుండా గోండు యువకులకే చదువు చెప్పి, వాళ్ల పిల్లలకు వాళ్లనే పంతుళ్లను చేశారు. గోండీ మాటతో వాచకాలు తయారుచేశారు. పిల్లలకు బాధ్యత అప్పగించడం అన్నా, మనుషులకు వాళ్ల చదువు వాళ్లకే అప్పగించడం అన్నా మూలసూత్రం ఒకటే కదా.

రెండో మాట: పిల్లలకు వచ్చిందేమిటో ముందు తెలుసుకోండి. ఒక డిసెంబరులో మా బడి పిల్లలూ, ఒక ఆశ్రమ పాఠశాల పిల్లలూ కలిసి ఊరి పక్క చెలకలో మూడు రోజులు శిబిరం వేశారు. మన జిల్లా చలి సంగతి చెప్పనక్కర లేదు. రాత్రి మంచుకు కట్టెలు తడిసి ఉన్నాయి. పట్నం పిల్లల జట్టు అగ్గిపెట్టెలో సగం పుల్లలు అయిపోగొట్టింది. మా సిలబస్సులో నిప్పు చెయ్యడం గురించి మంచి పాఠమే ఉంది, మా పిల్లలకు అది కంఠతా వచ్చు. క్లాసులో నోరు విప్పని ఒక గోండు పిల్లవాడు ఇదంతా కాసేపు చూసి దగ్గరకొచ్చాడు. "సార్, గీ కట్టె నాననిది లోపటనే ఉంటది" అని కట్టెను నిలువునా చీల్చి, లోపలి పొడి పేళ్లు తీసి, గాలి వచ్చే దిక్కు చూసి పేర్చి ఒక్క పుల్లతో అంటించాడు. మా పిల్లలు వాడి చుట్టూ కూర్చుని "ఇంకోసారి చూపెట్టురా" అన్నారు. ఆ శిబిరంలో మిగిలిన రెండు రోజులూ నిప్పు పాఠం వాడే చెప్పాడు. ఆ పని నేను చేసి ఉంటే అది పాఠం అయ్యేది, అంతే. వాడు చెప్పాడు గనుక వాడికి గౌరవం వచ్చింది, మా వాళ్లకు బుద్ధి వచ్చింది.

ముడుల సంగతీ అంతే. క్లోవ్ హిచ్ అని మనం నల్లబల్ల మీద బొమ్మ గీస్తాం. గుంజకు పశువును కట్టే పిల్లవాడికి గుంజ ముడి అలవాటే, పుస్తకంలో పేరు మాత్రమే కొత్త. తాడు వాడి చేతికిచ్చి ముందు వాడి ముడి చూడండి. తరువాత మీ పేరు చెప్పండి. మన ట్రూపుల్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ మాట్లాడే పిల్లలు పక్కపక్కనే నిలబడతారు. ఒక జట్టులో అన్ని భాషలూ కలిసేట్టు చూస్తే, సంకేతాలు, దిక్కులు, చెట్ల పేర్లు ఒకరికొకరు నేర్పుకుంటారు. ఒక భాషవాళ్లందరినీ ఒక జట్టులో వేస్తే పని త్వరగా అవుతుంది గాని అది స్కౌటింగ్ కాదు.

మూడో మాట పొయ్యి దగ్గరిది. స్కౌట్ నియమాల్లో అందరికీ మిత్రుడుగా ఉండాలని ఉంది. ప్రార్థనప్పుడు పిల్లలంతా గట్టిగా చెబుతారు. ఆ నియమానికి అసలు పరీక్ష ఎవరు వండారు, ఎవరు తిన్నారు అన్నచోట జరుగుతుంది. నీళ్లు, కట్టెలు, వంట, గిన్నెలు, ఈ నాలుగు పనులూ రోజూ జట్ల మధ్య తిరగాలి. ఏ కులం పిల్లవాడైనా నాలుగూ చెయ్యాలి. ఊళ్లో ఒకరిద్దరు పెద్దలు సణుగుతారు, ఒక తండ్రి వచ్చి "మావోనికి ఇంటి నుంచి డబ్బా పంపుతం" అంటాడు. గొడవ పడొద్దు, ఉపన్యాసమూ ఇవ్వొద్దు. ఆయన్నే కూర్చోబెట్టి పిల్లలు వండింది వడ్డించండి. మీరు మాత్రం చివరి బంతిలో, మిగిలింది తినండి. పిల్లలు మన మాటలు వినరుగాని మన కంచంలోకి చూస్తారు.

లెక్కలు కూడా పిల్లల ముందే ఉండాలి. వసూలైంది ఎంత, బియ్యానికి ఎంత, లారీకి ఎంత అని ఒక జట్టు కాగితం మీద రాసి గోడకు అంటించాలి. మిగిలిన పదకొండు రూపాయలు ఏం చెయ్యాలని పిల్లలు అరగంట చర్చించడం నేను విన్నాను. పౌరశాస్త్రం పాఠంలో అంత చర్చ ఎన్నడూ వినలేదు.

ఇంతవరకు అప్పగించే పనులు చెప్పాను. అప్పగించకూడనివీ ఉన్నాయి, వాటిలో మొదటిది నీళ్లు. మన జిల్లాలో ఎక్స్‌కర్షన్ అంటే కుంటాల, లేకపోతే పొచ్చెర. కుంటాల దగ్గర కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంది. కింద మడుగులు చూడటానికి అమాయకంగా ఉంటాయి. అక్కడ ఈతకు దిగి తిరిగిరాని యువకుల వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు! 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలబడ్డ హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన డ్యాం నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. వాళ్లు మీ వయసువాళ్లే. ప్రాజెక్టుల కింద, వాగుల్లో, వాన కాలంలో పిల్లల్ని దించకూడదు. లోతు తెలియనిచోట మోకాలి లోతు నీళ్లయినా సరే. ఇక్కడ జట్టు చర్చలు లేవు, ఓట్లు లేవు. జేబులో ఈల ఉంచమన్నది ఇటువంటి క్షణం కోసమే.

అడవి రెండోది. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా శిబిరం తలపెట్టవద్దు, ఎండాకాలం అడవిలో నిప్పు పెట్టనే వద్దు. పాము కాటుకు పాత పుస్తకాల్లో కోసి రక్తం పీల్చమనీ, బిగించి కట్టమనీ ఉండేది. ఇప్పుడు ఆ రెండూ తప్పని వైద్యులు చెబుతున్నారు. పిల్లవాణ్ణి కదలనివ్వకుండా ధైర్యం చెప్పి, 108 కు ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే చికిత్స. ఆ ఆసుపత్రి ఎక్కడుందో శిబిరం వెయ్యకముందే తెలుసుకుని ఉండాలి. సిద్ధంగా ఉండమని పిల్లలకు చెప్పే మనం మొదట సిద్ధంగా ఉండాలి కదా!

మూడోది చెప్పడానికి అందరూ మొహమాటపడతారు, నేను చెబుతాను. తల్లిదండ్రులు మనల్ని నమ్మి పిల్లల్ని రాత్రులు బయటికి పంపుతున్నారు. ఏ పెద్దమనిషీ ఒక పిల్లవాడితో గాని పిల్లతో గాని ఒంటరిగా గుడారంలో ఉండకూడదు. ప్రతి శిబిరానికీ ఇద్దరు పెద్దలకు తక్కువ ఉండకూడదు. ఆడపిల్లలుంటే గైడ్ కెప్టెనో, మరో టీచరమ్మో తప్పనిసరి. పిల్ల వచ్చి ఏదైనా చెబితే "ఛ, ఆయన అట్లాంటివాడు కాదు" అనవద్దు. కూర్చుని వినండి. 2012 పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన మాట దాచిపెట్టడమూ నేరమే. 1098 నంబరు పిల్లలకు కూడా నేర్పండి. బడి పరువు పోతుందని భయపడేవాళ్లు ఉంటారు. పిల్ల కంటే బడి పరువు ఎక్కువా?

శిక్షణ సంగతి రెండు ముక్కల్లో. యూనిఫారం కుట్టించుకోకముందే బేసిక్ కోర్సుకు వెళ్లండి. ఓపిక ఉంటే పైకోర్సులున్నాయి, పచ్‌మడీలో జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ మిమ్మల్నే జట్టులో వేసి కట్టెలు తెమ్మంటారు. పిల్లవాడి వైపు నుంచి శిబిరం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

సర్టిఫికెట్ల కోసం వచ్చే పిల్లల్ని తక్కువ చెయ్యవద్దు. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్ల కోటా ఉన్నమాట నిజం, పేదింటి పిల్లవాడు దానిమీద ఆశ పెట్టుకోవడంలో తప్పులేదు. కాని చెయ్యని శిబిరాన్ని చేసినట్టు లాగ్ బుక్కులో రాయించామంటే, స్కౌట్ మాట నమ్మదగినది అన్న మొదటి నియమాన్ని మనమే చెరిపేసినట్టు.

ఇక ఇంట్లోవాళ్లకు నేను చెప్పే జవాబు. మన పిల్లలకు పెద్దవాళ్లు చెప్పింది చెయ్యడం బాగా వచ్చు. బడిలోనూ అదే, ఇంట్లోనూ అదే, రేపు ఉద్యోగంలోనూ అదే. "నువ్వేమంటావు?" అని అడిగే చోటు వాళ్లకు ఒక్కటైనా ఉండాలి. వారానికొక సాయంత్రం, ఏడాదికి మూడు రాత్రులు నేను ఆ చోటు కాపలా కాస్తున్నాను. కాలేజీలో రోవర్లుగా, రేంజర్లుగా ఉన్న మిత్రులారా, రేపు టీచర్లు కాబోయే సోదర సోదరీమణులారా! మీ ఊరి బడిలో ఒక బీరువా ఉంటుంది. అందులో స్కార్ఫులు ముడతలు పడి ఉంటాయి. తాళంచెవి అడిగి తీసుకోండి. బీరువా తెరిచాక ఆ తాళంచెవి జట్టు లీడరు చేతికివ్వండి.