వాన కడిగిన నల్లమల

పత్తి, మిరప పండే నేల నుంచి నాలుగైదు గంటలు ప్రయాణిస్తే చాలు... పెద్దపులి తిరిగే అడవి. అదీ వానలు వెనకబట్టిన వేళ చూడాలి!

గుంటూరు దాటి నరసరావుపేట, వినుకొండ మీదుగా వెళుతుంటే రోడ్డుకు రెండు పక్కలా ఒకటే దృశ్యం. ఒక చేను పత్తి, పక్క చేను మిరప. అక్టోబరులో పత్తికాయలు అప్పుడప్పుడే పగులుతుంటాయి. మిరప ఇంకా పచ్చపచ్చగా ఉంటుంది. వాన కురిసిన నల్లరేగడిలో దిగితే చెప్పులు అక్కడే ఉండిపోతాయి, కాళ్లు మాత్రమే పైకొస్తాయి. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా చెప్పే త్రిపురాంతకం దాటాక ఆకాశం అంచున నీలంగా ఒక గీత కనిపిస్తుంది. అదే నల్లమల. ఒంగోలు నుంచి వచ్చేవారికి దారి మార్కాపురం మీదుగా. మన తరం అక్షరాలు దిద్దుకున్న పలకల ఊరు అది. ఏ దారిన వచ్చినా కలిసేది దోర్నాలలోనే.

మోడు చిగురించే అడవి

దోర్నాల చెక్‌పోస్టు దాటి ఘాట్‌ ఎక్కగానే గాలి మారిపోతుంది. తడిసిన ఆకుల వాసన, రాళ్ల మధ్య నుంచి జారే సన్నటి నీటిధార, కొండ మీద వాలిన మబ్బు. ఇదేదో కేరళ అనిపిస్తుంది కానీ, కాదు. నల్లమల ఏడాది పొడుగునా పచ్చగా ఉండే అడవి కాదు, ఆకు రాల్చే అడవి. ఏప్రిల్‌లో వస్తే టేకు, నల్లమద్ది, తునికి చెట్లు ఎండిన పుల్లల్లా నిలబడి ఉంటాయి. నిప్పురవ్వ పడితే మండిపోయేలా ఉన్న ఆ కొండలే, నాలుగు వానలు పడేసరికి అడుగు నేల కనిపించనంతగా కమ్ముకుంటాయి. ఒకే అడవి, రెండు రూపాలు!

వానాకాలం నడిమధ్యలో మాత్రం లోపలికి వెళ్లనివ్వరు. సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు చివరిదాకా సఫారీలు ఆపేస్తారు. అది వన్యప్రాణులు పిల్లల్ని కనే కాలం. అందుకే అక్టోబరు, నవంబరు మంచి సమయం. ఈశాన్య రుతుపవనాల జల్లులు పడుతూనే ఉంటాయి, తలుపులూ తెరిచి ఉంటాయి.

పులి కనిపిస్తుందా?

తుమ్మలబైలు దగ్గర జీపు ఎక్కగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. నిజం చెప్పాలంటే కనిపించకపోవడమే ఎక్కువ. 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో ప్రాజెక్ట్‌ టైగర్‌లో చేర్చిన నాగార్జునసాగర్‌-శ్రీశైలం అడవి ఇది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్‌ పేరుతో తెలంగాణకు వెళ్లింది. ఇవతల మిగిలిందే మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైమాట. 2018 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులుంటే, 2022 నాటికి 63 అయ్యాయి. వాటిలో అత్యధికం నల్లమలవే. ఇంత అడవిలో అన్ని పులులు! మనం వెళ్లిన గంటలో మన దారికే ఎందుకొస్తాయి?

కానీ వాన మనకో మేలు చేస్తుంది. తడి మట్టి మీద ప్రతి అడుగూ అచ్చుపడుతుంది. దుప్పుల గిట్టలు, ఎలుగుబంటి పాదం, అదృష్టం బాగుంటే పులి పంజా. చెట్టు మానుపై గోళ్లతో గీరిన చారలు చూస్తే చాలు, వెన్నులో చలి పుడుతుంది. రేచుకుక్కలు, కణితులు, నాలుగు కొమ్ముల కొండగొర్రెలు, కొమ్మ నుంచి కొమ్మకు దూకే బెట్టుడుతలు... చూసే ఓపిక ఉంటే అడవి ఎవరినీ వట్టి చేతులతో పంపదు.

అడవి వాళ్లిల్లు

మనకిది విహారం. చెంచులకు ఇల్లు. తేనె, జిగురు, కుంకుడుకాయలు సేకరించి బతికే ఈ గిరిపుత్రుల ఆడపిల్లను పెళ్లాడి శివుడు చెంచు మల్లయ్య అయ్యాడని శ్రీశైల స్థలగాథ. అటవీశాఖ పులుల కాపలాకు పెట్టుకున్నదీ ఎక్కువగా వీళ్లనే. ఏ ఆకు నలిగింది, ఏ పిట్ట ఎందుకు అరిచింది అన్నది వాళ్లకు తెలిసినంతగా ఏ కెమెరాకు తెలుస్తుంది? గూడేల్లోకి చొరబడి ఫొటోలు తీయడం మర్యాద కాదు. మన ఇంట్లోకి ఎవరైనా అలా వస్తే ఊరుకుంటామా?

ఇక్కడి చినుకు, అక్కడి చేను

ఈ అడవి మనకు ఏమవుతుంది? జవాబు గుండ్లకమ్మ చెబుతుంది. నల్లమలలో పుట్టిన ఈ ఏరు కంభం చెరువు నింపి, ప్రకాశం పల్లెలన్నీ తిరిగి, మల్లవరం రిజర్వాయరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. విజయనగర రాజుల కాలం నాటి ఆ కంభం చెరువుకు 2020లో అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. కట్ట ఎంత గట్టిదైనా, పైన కొండల్లో వాన నిలవకపోతే చెరువులో పట్టేది దుమ్మే. రాలిన ఆకులు, వేళ్లు ఆ వానను పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి. చెట్టు పోతే నీరు ఒక్కపూటలో వరదై పోతుంది, మట్టినీ వెంట తీసుకుపోతుంది.

కొండకు ఇవతల ఫ్లోరైడు నీళ్లు తాగుతూ, బోర్ల మీద బోర్లు వేస్తూ గడిపిన ఊళ్లు ఎన్నో. కృష్ణ వరదనీటిని వాళ్లకు అందించాలని 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్ల జంట సొరంగాలు ఈ అడవి కిందుగానే సాగాయి. పైన పులి కదలికకు అడ్డు రాకుండా, కింద నీటికి దారి. రైతు దాహమూ నిజమే, అడవి అవసరమూ నిజమే. రెండింటినీ ఒకేసారి తలచుకోవడం ఈ ప్రయాణం నేర్పే పాఠం.

అందుకే ఇక్కడ విసిరేసిన ఒక్క చిప్స్‌ ప్యాకెట్‌నైనా చిన్న విషయం అనుకోవద్దు. కోతులకు అరటిపండు చూపిస్తే అవి రోడ్డుకు అలవాటుపడి చక్రాల కింద పడతాయి. పిల్లలకు అడవిని చూపించడమే కాదు, అడవిలో ఎలా ఉండాలో కూడా మనమే చూపించాలి.

ఎలా వెళ్లాలి?

గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం రోడ్‌ స్టేషన్‌లో దిగి, రోడ్డు మార్గాన దోర్నాల చేరవచ్చు. శ్రీశైలం బస్సులు ఈ దారినే వెళ్తాయి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఘాట్‌ రోడ్డులో వాహనాలను అనుమతించరు కాబట్టి పొద్దున్నే బయలుదేరండి. సఫారీ ఉందో లేదో అటవీశాఖ వారిని ముందే అడగండి. ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు దుస్తులు మేలు. గొడుగు, మంచినీళ్లు, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి మరిచిపోవద్దు.