మా యింటి డీవీడీల పెట్టె

మా యింట తూర్పుగదిలో మంచముక్రింద నొక రేకుపెట్టె కలదు. మా మామగారు బడిపంతులుగా నున్న దినములలో పరీక్షకాగితములు దాచుకొన్న పెట్టె యది. ఇప్పుడందు నూటికి పైగా డీవీడీలున్నవి. మా పాన్‌గల్‌లో వీనిని డీవీడీలని పిలుచువారు మావారొక్కరే. తక్కినవారికెల్ల నవి సీడీలు. పాటలదైనను, సినిమాదైనను, పెండ్లిదైనను సీడీయే. పేరు మాట యటుండనిండు. ఈ పెట్టె విషయమున మేము చేసిన యొక తప్పును, దానివలన మాకబ్బిన యొక పనిని మీతో చెప్పుకొనవలెనని చాల దినములనుండి యనుకొనుచున్నాము.

మామగారు వీనిని కొన మొదలిడినది 2007వ సంవత్సరము తరువాత. అంతకు పూర్వ మొక సినిమా డీవీడీ కొనుటన్న మావంటి కుటుంబములకు మోయరాని ఖర్చు. అద్దెకు తెచ్చుకొని మరునాడు తిరిగి యిచ్చివేయుటయే వాడుక. ఆ సమయమున మోజర్ బేయర్ కంపెనీవారు వీసీడీని 28 రూపాయలకును, డీవీడీని 34 రూపాయలకును అమ్మసాగిరి. ఆ నాటినుండి మామగారు వనపర్తికి పోయివచ్చినప్పుడెల్ల సంచిలో కూరగాయల క్రింద నొక డీవీడీ యుండెడిది. గుమ్మములోనే "ఏం దెచ్చిన్రు?" అని మా యత్తగారడుగుటయు, వారు బదులు చెప్పక సంచి చేతికిచ్చుటయు మేము కాపురమునకు వచ్చిన తరువాత గూడ నెన్నియో మారులు చూచితిమి. మామగారు కాలము చేసి యెనిమిదేండ్లైనది.

పెట్టెలో లేని రుచి లేదు. 'లవకుశ', 'నర్తనశాల', 'మాయాబజార్', 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ', 'శంకరాభరణం', జంధ్యాలగారి 'అహ నా పెళ్ళంట' కలవు. సురభివారి నాటకమొకటి, హరికథలు రెండు, కూచిపూడి నృత్యమొకటి, పిల్లల బొమ్మల కథలు, మావారు బడిపిల్లలకై తెచ్చిన చార్లీ చాప్లిన్ చిత్రములు కలవు. సంతలో కొన్న 'ఒకదానిలో ఐదు' రకము గూడ రెండున్నవి. ఐదు సినిమాలనొక్క బిళ్లలో కుక్కుటచే బొమ్మ మసకబారి, నాయకుని ముఖమును ప్రతినాయకుని ముఖమును నొక్కతీరుగ నగపడును. అట్టివి కొనకుడని మా మనవి. డబ్బాలపై చిన్నయక్షరములలో నుండు సంగతులను చదివి యత్తగారికి వినిపించుట మాకు వేడుక. 'నర్తనశాల'ను నిర్మించినవారిలో నటి లక్ష్మీరాజ్యముగారొకరనియు, మల్లీశ్వరిగా నటించిన భానుమతిగారు 1953లో 'చండీరాణి'కి తామే దర్శకత్వము వహించి మూడు భాషలలో తీసిరనియు తెలిసినప్పుడు, అత్తగారు "ఆడోళ్లు పనికి దిగితే గట్లనే ఉంటది" అని తృప్తిపడిరి.

మేము బడికి పోయి చదివినది స్వల్పము. మా తండ్రిగారే యింట కూర్చుండబెట్టి భారతము, భాగవతము, రామాయణము చెప్పిరి. కావున కొత్తలో పురాణసినిమాలన్న మాకు కొంత చులకనయే. 'మాయాబజార్' చూచుచు, శశిరేఖాపరిణయము కవిత్రయ భారతమున నెక్కడను లేదని మేమనగా, అత్తగారు నవ్వి, "భారతంల లేకుంటే ఏమాయె బిడ్డా, ఉంటే మంచిగుండు" అనిరి. వారు చిన్నపిల్లగా నున్నప్పుడు, అనగా 1963లో, 'లవకుశ' చూచుటకు బండ్లు కట్టుకొని సద్దిమూటలతో వనపర్తికి పోయినవారు. తెలుగులో పూర్తిగా రంగులలో వచ్చిన తొలి చిత్రమది. అంజలీదేవిగారు సీతగా నడవికి పోవుచుండగా వెనుకవరుసలోని స్త్రీలు లేచి నిలిచి యేడ్చిరట. మేమో తిక్కనగారి నిర్వచనోత్తర రామాయణము చదివినవారము. ఆ సినిమా చూచి యేడ్వకుండుట మా గొప్పయని కొంతకాల మనుకొంటిమి.

ఆరేండ్ల క్రిందట అత్తగారి కన్నులు మసకలు క్రమ్మసాగినవి. వయసుచే వచ్చు శుక్లములని యాలసించితిమి. వైద్యులు చూచి, ఇవి నీటికాసులు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదానిని నిలుపుకొనుటయే మందుల పని యనిరి. అక్కలారా, నలువదేండ్లు దాటినవారు కంటి యొత్తిడి పరీక్ష చేయించుకొనుడు. ఈ వ్యాధి నొప్పి లేకయే యంచులనుండి చూపును తినివేయును. ఉన్న కొద్దిచూపును నిలువలేదు. రెండేండ్లలో వారికి వెలుగు చీకటుల భేదము మాత్రము మిగిలెను.

చూపు పూర్తిగా పోకముందే వారొక పని చేసిరి. తమకిష్టమైన డీవీడీల డబ్బాలన్నిటికిని నూలుదారము చుట్టి ముడులు వేసికొనిరి. లవకుశకొక ముడి, నర్తనశాలకు రెండు, మాయాబజారుకు మూడు. మల్లీశ్వరికి దారమున నొక పూస. హాస్యచిత్రములకు రబ్బరు పట్టెడ. చాప్లిన్ డబ్బాకు పిన్నీసు. పొద్దు దిగి కోటగుట్టపై చీకటి పడిన తరువాత వారు గోడపట్టుకొని పోయి, పెట్టె తెరచి, తడివి, కావలసినది తెచ్చి మా చేతికిచ్చి "ఇయాల ఇది" అనెడివారు. చూడలేరు గాని విందురు. సగము మాటలు కంఠస్థమే.

మా తప్పు వినుడు. నిరుడు ఉగాదికి ముందు అత్తగారు మా యాడబిడ్డ యింటికి పదిదినములు పోయిరి. మేమిల్లు దులుపుచు ఆ పెట్టె తెరచితిమి. దుమ్ము, పగిలిన డబ్బాలు, మాసిన దారములు! బిళ్లలన్నిటిని తీసి, ప్లాస్టికు అరలుగల జిప్పుసంచిలో వరుసగా నమర్చి, ప్రతి యరపై చక్కని యక్షరములతో పేరు వ్రాసితిమి. ఖాళీ డబ్బాలను పాతసామాను బండివానికి కిలో లెక్కన వేసితిమి. ఇంత పొందికగా సర్దితిమని మావారికి చూపి మెప్పు గూడ పొందితిమి.

అత్తగారు తిరిగివచ్చిన సాయంత్రము పెట్టె మూత తీసిన చప్పుడైనది. కొంతసేపటికి మూసిన చప్పుడైనది. వారు వచ్చి అరుగుపై కూర్చుండిరి. ఒక్క మాట యనలేదు. మరునాడు మేమే "ఏది పెట్టమంటారత్తమ్మా?" అని యడుగగా, "కండ్లు లేనోళ్లకు సినిమా ఏంది బిడ్డా, వద్దు" అనిరి. వయసుమీరి విరక్తి కలిగినదని తలచితిమి. ఇంకను చెప్పవలెనన్న, మంచిదేయనుకొంటిమి; రాత్రులు భాగవతము చదివి వినిపింపసాగితిమి. వారు వినువారు. రెండు నెలలిట్లు గడచినవి.

ఒకనాడు మా చిన్నది, ఏడేండ్ల పిల్ల, పూలు కట్టుచున్న మా యొడిలోనుండి దారము లాగికొని ముడులు వేయుచుండెను. ఎందుకే యనగా, "అవ్వ ముడుల సీడీలు పోయినయంట. నేను చేసిస్త" అనినది. మా చేతిలోని పూలు చేతిలోనే యుండిపోయినవి.

దినమంతయు వారికి నీళ్లు మేమే యందింపవలెను, కూర మేమే చెప్పవలెను, చీర యేది కట్టుకొనవలెనో మేమే తీసి యీయవలెను. ఆ యింట వారు తమంతట తామెన్నుకొనుచుండినది సాయంత్రపు సినిమా యొక్కటే. అదియు మేము సర్దివేసితిమి. ఆ రాత్రి వారి కాళ్లదగ్గర కూర్చుండి చెప్పుకొనగా, "నీకు దెల్వక చేసినవు, నేను జెప్పక చేసిన, సరికి సరి" అనిరి.

మరునాటినుండి పాత కాలెండరుల దళసరి కాగితముతో తొడుగులు కుట్టితిమి. ప్రతిదానికిని మూలలో రంధ్రము చేసి దారమెక్కించితిమి. ముడులు మాత్రము వారే వేసిరి. లెక్క యొక్కటియు మరువలేదు. బిళ్లలను సంచినుండి తీయగా కొన్ని ప్లాస్టికునకంటుకొని మసకబారియుండెను. ఇంట నిట్టివి గలవారికి పనికివచ్చును గాన మావారు మాకు చెప్పినది వ్రాయుచున్నాము. డీవీడీ యనగా 0.6 మిల్లీమీటర్ల మందముగల రెండు పలుచని బిళ్లల యతుకు. బొమ్మయు శబ్దమును ఆ రెంటి నడుమ పొరలో, లోపలనుండి వెలుపలికి తిరుగు సుడిగా నుండును. క్రిందివైపున గీత పడిన, యెర్రని లేసరు వెలుగు దానియొద్ద చెదరి బొమ్మ యాగిపోవును. కావున మెత్తని గుడ్డతో నడుమనుండి యంచువైపునకు తిన్నగా తుడువవలెను. చుట్టుగా తుడిచినచో పడిన గీత సుడివెంటనే సాగి యెక్కువ చెరుపు చేయును. దుకాణమున కొన్నదానిలో గుంటలు ముద్రింపబడియుండును. ఇంట కంప్యూటరులో నెక్కించినదానిలో రంగుపూత యుండును, అది వెలుగు వేడిమిలకు త్వరగా చెడును. పెండ్లి వీడియోలు చాలమట్టుకీ రెండవ రకమే. వెంటనే నకలు తీయించుకొనుడు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చినది. నేడు చూతమన్న దాని ప్రతి యెక్కడను దొరకదు. ఇళ్లలోని వాని సంగతి చెప్పవలెనా?

ఇన్ని చేసి 'నర్తనశాల' పెట్టితిమి. కీచకుడుగా ఎస్వీ రంగారావుగారు ప్రవేశించు ఘట్టమున మాట లేదు, సంగీతమే. అత్తగారు "ఇప్పుడేం జేస్తుండు?" అని యడిగిరి. ఇంతకుమున్నును అడుగువారు, మేము పనిలో నుండి "వస్తున్నాడు" అని యొక ముక్కతో సరిపెట్టువారము. ఈసారి ప్రాయశ్చిత్తముగా నుండునని విరాటపర్వములోని పద్యమెత్తుకొంటిమి. వారు చేయి యడ్డుపెట్టి, "పద్యం నాకెరుకే బిడ్డా. ఆయన మొకం జెప్పు" అనిరి.

మేము తెల్లబోయితిమి. ఆ సినిమా పదిసారులు చూచినవారము. ఆ ముఖమును చూడనేలేదని యప్పుడు తెలిసినది. రిమోటుతో నాపి, వెనుకకు త్రిప్పి, చూచితిమి. కనురెప్పలు సగము వాల్చియున్నవి. మెడ కొంచెము వంగినది. అడుగు నెమ్మదిగా, తాను నడచునేల తనదేయన్నట్లు పడుచున్నది. నవ్వు పెదవికి వచ్చును గాని కంటికి రాదు. ఇట్లు చెప్పుచుండగా అత్తగారు తల యాడించుచు, "ఆ, ఆ, గట్లనే, నేను జూసినప్పుడు గట్లనే ఉండె" అనిరి. ఆ పాత్రకే 1964లో జకార్తా నగరపు ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున రంగారావుగారికి ఉత్తమనటుడని బహుమానము వచ్చినది. మేము చదివిన పద్యములకెన్నడు నిట్లు కన్ను పెట్టి చూడలేదు.

మావారీ సంగతి విని, ఒక డీవీడీలో ఎనిమిది వరకు వేరువేరు శబ్దవరుసలుంచవచ్చుననియు, విదేశములలో కొన్నింట నొక వరుస చూపులేనివారికై, తెరపై జరుగునది చెప్పుటకే కేటాయింతురనియు చెప్పిరి. 2024 మార్చిలో మన కేంద్ర సమాచార ప్రసార శాఖవారు గూడ సినిమాహాళ్లలో ప్రదర్శించు చిత్రములకిట్టి వర్ణన యుండవలెనని మార్గదర్శకములిచ్చిరి. మా పెట్టెలోని పాత తెలుగు బిళ్లలలో నొక్కదానిలోను నట్టిది లేదు. ఆ పని మాది.

మాది యనుటకంటె పిల్లలదనుట న్యాయము. చాప్లిన్ 'గోల్డ్ రష్' (1925) మూలమున మాటలు లేని చిత్రము. అత్తగారికి పిన్నీసు డబ్బా యెందుకోయని మేము వింతపడెడివారము. పిల్లల నోట వినుటకట! "అవ్వా, బూటు ఉడకబెట్టిండు. లేసు తీసి సేమ్యాలెక్క చుట్టుకుంటుండు. మేకు చీకుతుండు!" అని యిద్దరునొక్కసారి యరచుచుండ, ఆమె కడుపుబ్బ నవ్వుదురు. ఆ బూటు నిజమునకు అతిమధురముతో చేసిన తినుబండారమని మావారు చెప్పగా, "చెప్పకపోతివి, నాకు అసహ్యం బుట్టె" అని కొడుకుపై కోపించిరి.

ఇరుగుపొరుగువారు, ఇప్పుడన్నియు సెల్‌ఫోనులోనే యున్నవి గదా, ఈ తుక్కెందుకందురు. నిజమే, ఉన్నవి. మేమును చూపితిమి. నడుమ నడుమ సబ్బుల ప్రకటనలు. ఒకమారు 2010లో రంగులద్దిన 'మాయాబజార్' పెట్టగా, వారికి రంగుతో పని లేదు గాని, కొంతసేపటికి "ఈడ ఏదో కోసిన్రు" అనిరి. ఆ ప్రతి మొదటిదానికంటె నిడివి తక్కువది. పైగా ఫోను అద్దము నున్నగా నుండును. దానికి ముడి వేయుటెట్లు?

ప్లేయరు మాత్రము మూలుగుచున్నది. రెండుమారులు బాగుచేయించితిమి. కొత్తది దొరకుట కష్టమైనందున మావారొక పాతదానిని వెదకి తెచ్చి అటకపై నుంచిరి. లవకుశ బిళ్ల యింక పలుకుట లేదు. సీత అడవిలో దిగినచోట నిలిచిపోవును. అయినను ఒక ముడి తొడుగును పెట్టెలోనుండి తీయవద్దనిరి.

గడచిన ఆదివారము మూడు ముడుల తొడుగు మా చేతికి వచ్చినది. ప్రియదర్శిని ఘట్టము వచ్చెను. ఆ పేటిక తెరచినవారికెవరికి ప్రియమైనది వారికి కనబడును గదా. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు. మేము శశిరేఖ కన్నులెట్లు విచ్చుకొన్నవో చెప్పుచుండగా అత్తగారు "ఆపు" అనిరి. ఆపితిమి. పిల్లవాడూరకుండక, "అవ్వా, నువ్వు తెరిస్తే ఏం కనబడ్తది?" అనినాడు. వాని నోరు మూయబోతిమి. ఆమె కొంచెమాలోచించి, "మీ తాత సంచి పట్టుకొని గుమ్మంల నిలబడ్డడు. ఏం దెచ్చిండో చెప్తలేడు" అనిరి. పిమ్మట మా చేతిలోని రిమోటు తడివి తీసికొని, తామే నొక్కిరి.