లాగల్ల గానీ కొట్టగూడదు

గేర్లు లేని స్కూటర్‌కు ఎడమ పక్క పొడుగాటి డబ్బా ఒకటి ఉంటుంది. బండి నడిపేవాళ్ళలో చాలామంది దాన్ని తెరిచి ఉండగా ఎప్పుడూ చూసి ఉండరు. లోపల ముందువైపు క్రాంకు మీద ఒక పుల్లీ, వెనక చక్రం దగ్గర ఇంకో పుల్లీ, రెండింటి మీదా రబ్బరు బెల్టు. వెనక పుల్లీకి క్లచ్ షూలు, వాటిని కప్పుతూ ఉక్కు బెల్. యాక్సిలరేటర్ తిప్పితే షూలు విచ్చుకుని బెల్‌ను పట్టుకుంటాయి, బండి కదులుతుంది. ఇంతే సంగతి. 1984లో కైనెటిక్ హోండా, 2001లో యాక్టివా వచ్చాక ఈ ఏర్పాటు మన వీధుల్లోకి దిగింది. ఇవాళ ప్రొద్దుటూరు బంగారం అంగళ్ళ సందుల్లో తిరిగే బళ్ళలో ఇవే ఎక్కువగా కనిపిస్తాయి.

జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పక్క బండికి ఇంకో కష్టం ఉంది. అక్కడ నాపరాయి కోసే మిషన్ల దగ్గర్నుంచి లేచే తెల్లదుమ్ము దేన్నీ వదలదు. చల్లగాలి కోసమని పెట్టిన సందుల్లోంచి ఆ దుమ్ము డబ్బాలోకి చేరుతుంది. నాలుగు వానలు పడితే అదే తడిసి, ఆరి, బెల్‌కూ షాఫ్టుకూ మధ్య పళ్ళలో గట్టిపడుతుంది. దానికి తుప్పు తోడవుతుంది. బెల్టు మార్చాల్సిన రోజు మధ్య నట్టు ఊడుతుంది గానీ బెల్ మాత్రం ఇంచు కూడా కదలదు.

సరిగ్గా అక్కడే సుత్తి చేతికొస్తుంది. ముందు పుల్లీ తిరక్కుండా దానికుండే ఫ్యాను రెక్కల్లో స్క్రూడ్రైవర్ దూర్చి ఆపడం, బెల్ అంచున నాలుగు దెబ్బలు వేయడం నేను చాలా అంగళ్ళలో చూశాను. నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఫ్యాను రెక్క విరిగితే బెల్టుకు గాలి తగ్గుతుంది. బెల్ గుండ్రం చెడితే బండి బయలుదేరినప్పుడల్లా వణుకుతుంది. దెబ్బ బెల్ దగ్గర ఆగదు, షాఫ్టు మీదుగా వెనక బేరింగు దాకా పోతుంది. బండి యజమాని వారం తర్వాత వచ్చి, "అన్నా, వణుకుతాండాది" అంటాడు. ఆ వణుకు ఎక్కడ పుట్టిందో అతనికి ఎవరూ చెప్పరు.

జమ్మలమడుగులో ఒక పెద్దమేస్త్రీ పనితీరు వేరు. ఆయన నట్టును పూర్తిగా తీసి పక్కన పెట్టడు. షాఫ్టు కొసకు సమంగా వచ్చేదాకా వదులు చేసి అక్కడే ఉంచుతాడు. అప్పుడు బెల్‌ను పట్టి లాగే పుల్లర్ స్క్రూ నట్టు మీద కూచుంటుంది, షాఫ్టు మరలు నలగవు. బెల్ హఠాత్తుగా ఊడినా ఎగిరి మొహాన పడదు. పళ్ళ సందులో రెండు చుక్కల నూనె వేసి చాయ్ తాగొస్తాడు. షూలకు నూనె తగిలితే తర్వాత జారతాయి కాబట్టి కింద గుడ్డ పెడతాడు. పుల్లర్ కాళ్ళు మూడూ సమంగా పట్టాయో లేదో చుట్టూ వేలు పెట్టి చూస్తాడు. స్క్రూ కాస్త బిగిస్తాడు, ఆగుతాడు, మళ్ళీ కాస్త బిగిస్తాడు. పక్కనున్న పిల్లోడు తొందరపడితే, "కొట్టగాకురా, లాగల్ల" అంటాడు.

అప్పటికీ రాకపోతే వేడినీళ్ళు. బెల్ మధ్యభాగం మీద పోస్తే అది షాఫ్టు కంటే ముందు వ్యాకోచిస్తుంది. బండిచక్రానికి ఇనప పట్టా ఎక్కించేటప్పుడు కమ్మరి చేసేదీ ఇదే. గ్యాసు మంట మాత్రం పెట్టడు. వెనక ఆయిల్ సీలు కాలితే తీరా బెల్ ఊడినా కొత్త ఖర్చు మొదలవుతుంది. కాసేపటికి 'టక్' మని ఒక శబ్దం. ఆ శబ్దం వినడానికి నేను పని మానుకుని అయినా నిలబడతాను.

ఈ కష్టం మనకే కాదు. కెనడాలో మంచు మీద తిరిగే స్నోమొబైల్‌లోనూ ఈ బెల్టూ పుల్లీలే. క్యూబెక్‌లోని వాల్కూర్ ఊళ్ళో బొంబార్డియే అనే ఆయన 1959లో స్కీ-డూ అనే స్నోమొబైల్‌ను అమ్మకానికి తెచ్చాడు. ఆ బండ్లలో ముందు పుల్లీయే క్లచ్. అది క్రాంకు కొసన వాలుగా చెక్కిన టేపర్ మీద బిగుసుకుని ఉంటుంది. ఏళ్ళ తరబడి తీయకపోతే పుల్లర్ బోల్టుకు కూడా లొంగదు. అప్పుడు అక్కడివాళ్ళు క్లచ్ మధ్య రంధ్రంలో నీళ్ళో గ్రీజో నింపి, బోల్టు మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి మెల్లగా బిగిస్తారు. నీళ్ళు నలిగి చిన్నవి కావు. ఎటూ పోలేని ఆ ఒత్తిడి క్రాంకు కొసను ఒకవైపు, క్లచ్‌ను ఇంకోవైపు నెడుతుంది. పులివెందుల చీనీ తోటల్లో డ్రిప్ పైపులు బిగించే రైతు దగ్గర ఉండే టేపే అది. అంత మొండి క్లచ్‌కు కూడా సుత్తి అక్కర్లేదని తెలిశాక, జమ్మలమడుగు మేస్త్రీ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

మంచి పుల్లర్‌కూ, ఫ్యాను పట్టుకునే హోల్డర్‌కూ డబ్బు కావాలి. చిన్న అంగడి మెకానిక్ అవి కొనాలంటే ఆ పనికి ధర ఇచ్చేవాళ్ళుండాలి. అందుకే బండి ఇచ్చేటప్పుడు "అర్ధగంటలో కావల్ల" అని మెడ మీద కూచోకండి. ఒక పూట వదిలిపెట్టండి. పుల్లర్ ఉందా అని అడగండి, ఉంటే ఆ పనికి పదో పరకో ఎక్కువివ్వండి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండైతే వానలు వెనకబట్టాక ఆ డబ్బా ఒకసారి తెరిపించి తుడిపించండి.