మా డాబా మీద యుద్ధ ట్యాంకు

మా వారికి నలభై ఎనిమిదేళ్లు. హన్మకొండలో మా డాబా మీద నేను వడియాలు పెడుతుంటే ఆ పక్కనే రిమోట్ ట్యాంకు నడుపుతారు. నవ్వకండి! హెంగ్ లాంగ్ అనే చైనా కంపెనీది, జర్మనీ వాళ్ల టైగర్. అసలుదానిలో పదహారో వంతు.

రష్యా వాళ్ల టీ-34, అమెరికా వాళ్ల షెర్మన్ కూడా దొరుకుతాయట. ఆయన కోరిక మాత్రం మన సారథ్ బండి. బీఎంపీ-2కి మనవాళ్లు పెట్టుకున్న పేరది. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో, 1984లో పెట్టిన ఫ్యాక్టరీలో తయారవుతుంది. మా మామగారు అక్కడే వెల్డరు.

"అసలుది ఆరు మీటర్ల డెబ్బై. మనకి నలభై రెండు సెంటీమీటర్లే. నీళ్లలో కూడా పోతుంది, భద్రకాళి చెరువులో వదలొచ్చు!"

"ముందు అమ్మాయి హాస్టల్ ఫీజు సంగతి చూడండి" అన్నాను.

మామగారు పోయి మూడేళ్లు. డ్యూటీ గురించి ఇంట్లో ఒక్క ముక్క చెప్పేవారు కాదు. చెప్పకూడదట. నాన్న ఏం చేసేవాడో ఈయన రిపబ్లిక్ డే పరేడ్‌లో, టీవీలో చూసి తెలుసుకున్నారు.

ఏ కంపెనీ చేస్తుందోనని చూసీ చూసీ, ఇప్పుడు తనే అట్టముక్కలు కోస్తున్నారు. మొన్న నా చిట్టీ డబ్బుల్లోంచి రెండు మోటార్లకి ఇచ్చాను. ఫీజు కట్టాకే లెండి.