నాయన సైకిలు



ఈ సాక్ష్యము వ్రాస్తున్నది అన్నదమ్ములము ఇద్దరము. మాలో పెద్దవాడు గద్వాలలో, చిన్నవాడు వనపర్తిలో కాపురముంటున్నాము. మా సొంత ఊరు నాగర్‌కర్నూలు దగ్గర ఒక చిన్న పల్లె. పదకొండు సంవత్సరములు మేము ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. ఒక పాత సైకిలు మూలంగా దేవుడు మమ్మల్ని మళ్లీ ఒకచోట కూర్చోబెట్టిన సంగతి చెప్పాలని ఇది వ్రాస్తున్నాము. ఇందులో మా తప్పులే ఎక్కువ. వాటిని దాచకుండా వ్రాయాలని ఇద్దరం అనుకున్నాము.

మా నాయన పల్లె సంఘములలో వాక్యపరిచర్య చేసేవారు. మెన్నొనైట్ బ్రెదరన్ మిషనరీలు అమెరికా నుండి 1899లో ఈ దేశానికి వచ్చారు. తరువాత నాగర్‌కర్నూలులో, వనపర్తిలో మిషను స్టేషన్లు వెలిశాయి. గద్వాల క్షేత్రమును 1937లో అమెరికన్ బాప్టిస్టు మిషను వారు మన మిషనుకు అప్పగించారు. ఈ చరిత్ర మన సంఘస్థులకు తెలిసినదే. అయితే ఊరూరికీ వాక్యము చేరింది మన పల్లె ప్రీచర్ల కాళ్ల మీద. ఎండలో, వానలో, సద్ది మూట పట్టుకుని నడిచిన మనుషులు వారు. మా నాయన కూడా చాలా ఏండ్లు అలాగే నడిచారు.

1962లో నాగర్‌కర్నూలులో ఉద్యోగం విరమించిన ఒక బడిపంతులు గారి దగ్గర ఆయన ఒక పాత ర్యాలీ సైకిలు కొన్నారు. డబ్బు మూడు పంటలకు గాని తీరలేదని అమ్మ చెప్పేది. అది ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన బండి. ముందు గొట్టం మీద కొంగ తల బిళ్ల, చైను చక్రంలో మూడు కొంగ బొమ్మలు ఉండేవి. తర్వాతి కాలంలో ఆసన్‌సోల్ దగ్గర సేన్ ర్యాలీ కార్ఖానాలో మన దేశంలోనే ఆ పేరుతో సైకిళ్లు వచ్చాయి గాని, నాయన మాత్రం తనది "అసలు సీమ బండి" అని మురిసిపోయేవారు. వెనుక క్యారియర్ మీద హార్మోనియం పెట్టె, హ్యాండిలుకు బైబిలు సంచి, ముందు గొట్టం మీద మాలో ఒకడు. ఆ గొట్టం మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టేవారు. మాలో ఎవరు కూర్చోవాలనే దాని మీదనే మా మొదటి కొట్లాటలు.

నాయన 1996లో ప్రభువు పిలుపునందుకున్నారు. 2008లో అమ్మ కూడా వెళ్లిపోయింది. నెల తిరగకముందే పంపకాలు పెట్టుకున్నాము. ఉన్నది ఎంత? ఒక ఇల్లు, దాని వెనుక కొంచెం జాగా. అమ్మను చివరిరోజుల్లో ఎవరు చూశారు, మందులకు ఎవరు ఎంత పెట్టారు అన్న మాట మీద మాట పెరిగింది. అనకూడని మాటలు అనుకున్నాము. ఆఖరున సైకిలు వంతు వచ్చింది. "నాయన బండి నాకు కావాలె" అని పెద్దవాడు, "నాకే కావాలె" అని చిన్నవాడు. పెద్దమనుషులు విసిగి లేచిపోయారు. ఆ రాత్రి చిన్నవాడు పానా తీసుకుని రెండు చక్రాలూ, క్యారియరూ విప్పుకుని వనపర్తికి పోయాడు. తెల్లవారి పెద్దవాడు మిగిలిన ఫ్రేమును గద్వాలకు తీసుకుపోయాడు.

పాఠకులారా, ఆలోచించండి. చక్రాలు లేని ఫ్రేమును ఒకరు, ఫ్రేము లేని చక్రాలను ఒకరు పెట్టుకుని, నాయన సైకిలు నా దగ్గరే ఉందని ఇద్దరమూ చెప్పుకున్నాము. ఆ పదకొండేండ్లూ ఇద్దరమూ గుడికి పోతూనే ఉన్నాము. ఇద్దరమూ ప్రభువు బల్లలో చేయి వేస్తూనే ఉన్నాము.

2019లో చిన్నవాని కొడుకు వనపర్తి పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. వనపర్తి రాజావారి భవనంలో 1959 నుండి నడుస్తున్న కళాశాల అది. మోటారు సైకిలు కొనిమ్మని వాడు ఇంట్లో పోరు పెట్టాడు. డబ్బు లేదన్నాము. ఒకనాడు ఫోనులో ఏవో బొమ్మలు చూపించాడు. అమెరికాలో పాత కార్ల ముక్కలు ఏరి, ఒకటిగా కూర్చి, రంగు వేయకుండా తుప్పు గుర్తులతోనే నడుపుతారట. వాటిని రాట్ రాడ్ అంటారట. సైకిళ్లను కూడా అలాగే చేస్తారట. పాత ఫ్రేము ఒకటి దొరికితే చాలు, మిగిలినవి పాత సామాన్ల దుకాణంలో ఏరుకోవచ్చు అన్నాడు. బర్రెల కొట్టంలో గోడకు వేలాడుతున్న చక్రాలు చూసి, "నాయనా, తాత సైకిలుది తక్కిందంతా యాడుంది?" అని అడిగాడు. తండ్రి జవాబు చెప్పలేదు. తల్లి చెప్పింది.

పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి గద్వాలకు పోయాడు. పదకొండేండ్ల తర్వాత గుమ్మంలో నిలబడిన వాణ్ని పెద్దవాడు గుర్తుపట్టలేదు. వాడు పేరు చెప్పి, "పెద్దనాయనా, తాత ఫ్రేము ఇస్తవా?" అన్నాడు. పెద్దమ్మ వానికి అన్నం పెట్టింది. పెద్దవాడు మాత్రం, "ఇస్త. మీ నాయన్న వచ్చి అడుగుమను" అన్నాడు. ఆ మాట చెవిని పడగానే చిన్నవాడు, "నేను పోయి అడుగుతనా?" అన్నాడు. మళ్లీ రెండు నెలలు గడిచిపోయాయి.

ఒక ఆదివారము బల్ల ఆరాధనకు ముందు మా వనపర్తి పాస్టరు గారు మత్తయి సువార్త 5వ అధ్యాయము తీశారు. సహోదరునికి మన మీద ఏదైనా విరోధము ఉన్నదని జ్ఞాపకము వస్తే, అర్పణను అక్కడే విడిచి, ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు చెప్పిన భాగము అది. ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఆనాడు చిన్నవాడు ఒక సంగతి గమనించాడు. తప్పు ఎవరిదో తేల్చుకున్న తర్వాత వెళ్లమని అక్కడ లేదు. మన మీద అవతలివానికి కోపముంటే మనమే లేచి వెళ్లాలి. ఆ రోజు రొట్టె పళ్లెం దగ్గరికి వచ్చినప్పుడు చేయి చాపలేక, లేచి బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం గద్వాలకు ఫోను చేశాడు. పెబ్బేరు సంతకు ఎడ్ల కోసం వస్తున్నానని పెద్దవాడు అన్నాడు. ఇద్దరి దారికీ మధ్యన ఉన్న ఊరు అది.

సంతలో వేపచెట్టు కింద కలుసుకున్నాము. ఒకరి తల మరొకరు చూసుకున్నాము. ఇద్దరికీ నెరిసింది. ఏం మాట్లాడాలో తెలియలేదు. గోనెపట్టా చుట్టిన ఫ్రేము పెద్దవాని పక్కన ఉంది. కొంతసేపటికి, "ఫోర్కు గూడ తెచ్చిన తమ్మీ" అన్నాడు. మా మధ్య మొదటి మాట అదే. చాయ్ తాగుతుండగా చిన్నవాడు, "అన్నా, ఆ రాత్రి నేను చక్రాలు ఇప్పుకపోవద్దుండె" అన్నాడు. "నేను అమ్మ ముచ్చట్ల అన్న మాటలు అనొద్దుండె" అని పెద్దవాడు కండ్లు తుడుచుకున్నాడు. ఎడ్లు కొనకుండానే వనపర్తికి వచ్చాడు.

వనపర్తిలో ఒక వృద్ధ సాహెబు గారి సైకిలు దుకాణంలో పని మొదలుపెట్టాము. ఫ్రేము చూడగానే ఆయన కొంగ బిళ్లను వేలితో రుద్ది, "ఇది నాజూకు బండి కాదు, గట్టి బండి" అన్నారు. సీటు గొట్టం ఫ్రేములోనే తుప్పుపట్టి బిగిసింది. కిరసనాయిలు పోసి మూడు రాత్రులు ఉంచితే గాని కదలలేదు. పెడళ్లు తిరిగే ఇరుసుకు కుడివైపు కప్పు తీయడానికి పిల్లవాడు బలమంతా పెట్టి తిప్పాడు. అది ఇంకా బిగిసింది. సాహెబు గారు నవ్వి, "బేటా, ఆ పక్క ఉల్టా మర. నువ్వు ఎంత జోరు చేస్తే అంత బిగుస్తది" అన్నారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. పదకొండేండ్లు మేము చేసింది అదే కదా!

ఆ కప్పులు అరిగి ఉంటే కష్టమయ్యేదట. మామూలు సైకిళ్లలో ఆ చోట మర ఇంచికి 24 చుట్లు. ర్యాలీ వారిది 26. బజారులో దొరికే కొత్త కప్పు దానికి పట్టదు. అయితే నాయన ఏటేటా విప్పి గ్రీజు పెట్టేవారు కాబట్టి కప్పులు చెడలేదు. కిరసనాయిలుతో కడిగి, ఒక్కో వైపు 11 చొప్పున కొత్త గోళీలు వేసి బిగించాము. ఆయన పోయిన ఇన్నేండ్లకు కూడా ఆయన జాగ్రత్త మాకు పనికివచ్చింది. చక్రాల్లో ముందుది 32 పుల్లలు, వెనుకది 40. ఏడు విరిగాయి. అవి మార్చి, బెండు తీశాము. పెడళ్లు, సీటు పాత సామాన్ల దుకాణంలో ఒక తుక్కు అట్లాస్ సైకిలు నుండి తీసుకున్నాము. ఆ మరుసటి సంవత్సరం, 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినము నాడే అట్లాస్ వారి సాహిబాబాద్ కార్ఖానా మూతపడిందని పత్రికలో చదివి బాధపడ్డాము. కొత్తగా కొన్నవి టైర్లు, ట్యూబులు, చైను, గోళీలు, పుల్లలు. ఖర్చంతా కలిపి 2,340 రూపాయలు. ఇద్దరం చెరిసగం పెట్టాము.

పిల్లవాడు హ్యాండిలు తిరగేసి కిందికి పెట్టాడు. చైను కవరు, మడ్‌గార్డులు వద్దన్నాడు. మడ్‌గార్డులు లేని బండి ఏం బండి అని పెద్దవాడు అన్నాడు గాని, చిన్నవానికి ఒక సంగతి జ్ఞాపకమొచ్చింది. వానకాలం నల్లరేగడి టైరుకు, మడ్‌గార్డుకు నడుమ కూరుకుపోయి చక్రం తిరిగేది కాదు. నాయన బండిని భుజాన మోసుకుని వచ్చేవారు. అందుకే వానలు మొదలవగానే ముందు మడ్‌గార్డు విప్పి అటక మీద పెట్టేవారు. పెద్దవాడు ఇక కాదనలేదు.

రంగు దగ్గర మాత్రం మాట తేడా వచ్చింది. నల్ల రంగు వేయించి, బంగారు గీతలు పెట్టించి, కొత్త బండిలా చేయాలని పెద్దవాని కోరిక. నాయన బండి తుప్పుతో ఊర్లోకి పోతే నలుగురూ నవ్వుతారన్నాడు. పిల్లవాడు, "రంగేస్తే తాత గుర్తులన్నీ పోతయ్ పెద్దనాయనా" అన్నాడు. ఫ్రేము మీద వేలు పెట్టి చూపించాడు. ముందు గొట్టం మీద మేము కూర్చున్న చోట రంగు అరిగి ఇనుము నున్నగా అయింది. క్యారియర్ కడ్డీలకు హార్మోనియం తాడు ఒరుసుకున్న గాడి. కింది గొట్టం మీద ఒక సొట్ట. ఇరుసు దగ్గర ఒక గీత ఉంది. అది చిన్నవాడు ఆ రాత్రి చీకట్లో కోపంతో విప్పుతుండగా పానా జారి గీసిన గీత. అది చూసి చిన్నవాడు తల దించుకున్నాడు.

సాహెబు గారు మధ్యస్తం చేశారు. తుప్పులో రెండు రకాలున్నాయట. పొడిగా రాలేది ఇనుమును ఇంకా తింటూనే ఉంటుంది. దాన్ని తీగల బ్రష్షుతో, ఎమ్రీ కాగితంతో చివరిదాకా గీకాలి. దాన్ని అలాగే ఉంచి పైన రంగు పూస్తే లోపల తింటూ పోతుంది. గీకిన తర్వాత మిగిలే గోధుమ మచ్చ ఉన్నా పరవాలేదు. దాని మీద అవిసె నూనె పలుచగా రుద్ది ఆరబెడితే గాలీ నీరూ తగలవు. అప్పుడప్పుడు మళ్లీ రుద్దుతుండాలి. అలాగే చేశాము. రెండు రోజులు ముగ్గురం కూర్చుని గీకాము. ఆ రెండు రోజుల్లో అమ్మ మందుల లెక్క, ఇంటి లెక్క, ఎవరు ఎవరి ఇంట శుభకార్యానికి రాలేదన్న లెక్క అన్నీ మాట్లాడుకున్నాము. కొన్ని మాటలకు నొప్పి కలిగింది. కొన్నింటికి నవ్వు వచ్చింది.

బండి సిద్ధమయ్యాక ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరి, బిజినేపల్లి మీదుగా మా ఊరికి వెళ్లాము. ఒకరు తొక్కుతుంటే ఇద్దరు ఆటోలో వెనుక వచ్చేవారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాడు కూడా ఊరి చెరువు కట్ట నుండి తానే తొక్కాడు. కొందరు నవ్వారు. నాయన చేత బాప్తిస్మము పొందిన ఒక ముసలమ్మ మాత్రం బయటికి వచ్చి కొంగ బిళ్ల మీద చేయి పెట్టి, "మన ప్రీచరయ్య బండే గదా" అని ఏడ్చింది. మరునాడు నాయన వాక్యం చెప్పిన గుడిలోనే, పదకొండేండ్ల తర్వాత, ఒకే బెంచీ మీద కూర్చుని ప్రభువు బల్లలో పాలుపొందాము. ఆ బల్ల మాకు అంతకుముందు ఎన్నడూ అలా లేదు.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా! యోహాను సువార్త 20వ అధ్యాయములో, పునరుత్థానుడైన ప్రభువు తోమాకు తన చేతులను, ప్రక్కను చూపించెను. మరణమును జయించిన ఆ దేహము మీద గాయముల గుర్తులు ఉండనే ఉన్నవి. ఆయన వాటిని దాచలేదు. మేము సమాధానపడ్డామంటే ఏమీ జరగలేదన్నట్టు పైపైన రంగు వేసుకోవడం కాదని మాకు తెలిసింది. తినే తుప్పును గీకి పారేయాలి. గుర్తులు ఉంటే ఉండనీయండి. ఆ పానా గీత ఇప్పటికీ ఉంది. అది చూసినప్పుడల్లా ఇద్దరం జాగ్రత్తపడుతున్నాము.

ఇంటి వెనుక జాగా సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. కాని ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుంటున్నాము. సైకిలు ఆరు నెలలు గద్వాలలో, ఆరు నెలలు వనపర్తిలో ఉంటుంది. అవిసె నూనె రుద్దే పని ఎవరింట ఉంటే వారిది.

మీ ఇంట కూడా పంపకాలలో సగం సగంగా విడిపోయినది ఏదైనా అటక మీదో, కొట్టంలోనో పడి ఉన్నదేమో చూడండి. అవతలి సగం ఎవరి దగ్గర ఉన్నదో మీకు తెలుసు. వచ్చే బల్ల ఆరాధనకు ముందే లేచి వెళ్లండి. మా ఇరువురి కుటుంబముల కొరకు ప్రార్థించండి. సమస్త మహిమ ప్రభువునకే కలుగును గాక. ఆమేన్.